గంటకు సున్నా కిలోమీటర్లు

రోడ్డు మర్యాదల శాఖ మంత్రి మల్లేశ్వర్ గారు మొన్న శంషాబాద్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో చారిత్రక ప్రకటన చేశారు. తన కాన్వాయ్ సాతంరాయి దగ్గర ఒక మహిళను గుద్దిందన్న ఆరోపణ మీద తానే, స్వయంగా, ఎవరూ గట్టిగా అడగకముందే విచారణ కమిటీ వేస్తున్నానన్నారు.

"దాచుడు లేదు. లెక్క కడ్తం. అది గూడ సైన్సు ప్రకారం, యూనిట్లతోని" అన్నారు.

చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ మండలానికి చాలాకాలంగా విలేకరిని. మంత్రి తన మీద తానే కమిటీ వేసుకుంటుంటే దగ్గరుండి చూసే భాగ్యం అందరికీ దొరకదు.

సంగతి చిన్నదే. ఢిల్లీ నుంచి పార్టీ పెద్దాయన దిగుతున్నాడని మంత్రిగారు బుద్వేల్‌లోని తన ఇంటి నుంచి బొకే పట్టుకుని ఎయిర్‌పోర్టుకు బయలుదేరారు. విమానం వచ్చింది, పెద్దాయన రాలేదు. మంత్రిగారు బొకేతో సహా తిరిగి ఇల్లు చేరుకున్నారు. దారిలో హైవే పక్కన జామకాయలు అమ్ముకునే రేణుకమ్మ తొడ ఎముక విరిగింది. రాడ్ వెయ్యాలని దవాఖానలో డాక్టరు చెప్పాడు. రోడ్డు ప్రమాదమని సర్కారు కాగితం తెస్తే ఆపరేషన్ ఉచితం. తేకపోతే కాలు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఆమె భర్త బాలమల్లుకు కావలసింది ఆ ఒక్క కాగితం.

కమిటీ అంటే వినోద్ కుమార్ సార్ ఒక్కరే. ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పి, ఇప్పుడు మంత్రిగారి ప్రత్యేకాధికారిగా ఉన్నారు. జవాబు సరిగ్గా ఉన్నా యూనిట్ రాయకపోతే కన్నకొడుక్కి కూడా మార్కు వేయని మనిషి. ఇంతటి నిప్పులాంటి మనిషి దొరకడం బాలమల్లు అదృష్టమని మా పేపర్లో రాశాను.

సాతంరాయిలో రోడ్డు పక్కన టెంటు వేసి, తెల్లబోర్డు నిలబెట్టి విచారణ మొదలుపెట్టారు.

"కారు ఎంత వేగంతో వచ్చింది?" అని సార్ అడిగారు.

"మస్తు జోరుగొచ్చింది సార్. నూట ఇరవై ఉంటది" అన్నాడు బాలమల్లు.

"నూట ఇరవై ఏమిటి?"

"ఏంది అంటే?"

"యూనిట్ ఏదయ్యా? నూట ఇరవై జామకాయలా?"

బాలమల్లు నా వైపు చూశాడు. నేను బోర్డు వైపు చూశాను.

"సరే, తేలిక ప్రశ్న అడుగుతాను. ఇక్కడి నుంచి శంషాబాద్ ఎంత దూరం?"

"పది నిమిషాలు సార్."

"నేను అడిగింది దూరం."

"దూరమే చెప్తున్న సార్. ఆటోల పోతే పది నిమిషాలు."

"మరి కాలం ఎంత పడుతుంది?"

"గదే పది నిమిషాలు."

సార్ పది నిమిషాలను పది నిమిషాలతో భాగించారు. పైన నిమిషాలు, కింద నిమిషాలు కొట్టేస్తే ఒకటి మిగిలింది. "సాక్షి చెబుతున్న వేగం ఒకటి. యూనిట్ లేదు. సాక్ష్యం చెల్లదు" అని బోర్డు తుడిచేశారు. మా వైపు దూరాన్ని నిమిషాల్లోనే చెబుతాం. నన్నడిగినా అదే చెప్పేవాణ్ని. అదృష్టవశాత్తూ నన్ను ఎవరూ అడగలేదు.

రెండు రోజులు తిరక్కుండానే నివేదిక తయారైంది. మళ్లీ అదే ఫంక్షన్ హాలు, అవే సమోసాలు. బాలమల్లు కాగితం కోసం వచ్చి గోడవారగా నిలబడ్డాడు.

సార్ గొంతు సవరించుకున్నారు. "ఫిర్యాదులో 'అతివేగం' అని రాశారు. ఇక్కడే పప్పులో కాలేశారు. వేగం వేరు, వడి వేరు. బడి పుస్తకంలోనే ఉంది. తిరిగిన దూరాన్ని కాలంతో భాగిస్తే వడి. స్థానభ్రంశాన్ని కాలంతో భాగిస్తే వేగం. స్థానభ్రంశం అంటే బయలుదేరిన చోటుకీ చేరిన చోటుకీ మధ్య ఎడం. మంత్రిగారు ఎక్కడ బయలుదేరారు?"

"బుద్వేల్" అన్నాం అందరం.

"ఎక్కడికి చేరారు?"

"బుద్వేల్."

"ఎడం?"

సమోసా నోట్లో ఉన్నవాళ్లు కూడా "సున్నా" అన్నారు.

"సున్నా ఏమిటి?"

"కిలోమీటర్లు సార్."

"శభాష్. పట్టిన కాలం ఒక గంట. కాబట్టి మంత్రిగారి సగటు వేగం గంటకు సున్నా కిలోమీటర్లు."

మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. "చూసిన్రా? నేను యాడికీ పోలే. ప్రజల నడుమనే ఉన్న."

వెనక వరస నుంచి ఎవరో, గుద్దిన క్షణంలో ఎంత స్పీడు ఉందని అడిగారు. అది తక్షణ వేగమనీ, కమిటీకి అప్పగించింది సగటు మాత్రమేననీ సార్ ఓపికగా వివరించారు.

"మరి మా ఆమె కాలెట్ల ఇరిగింది సార్?" అన్నాడు బాలమల్లు.

"అక్కడికే వస్తున్నాను. ఆమె ఇంట్లో బయలుదేరింది. ఇప్పుడు సిటీలో దవాఖానలో ఉంది. ఇంటికి ఉత్తరంగా పదిహేను కిలోమీటర్లు. కాలం డెబ్బై రెండు గంటలు. భాగిస్తే గంటకు సున్నా పాయింట్ రెండు కిలోమీటర్లు, ఉత్తర దిక్కుగా. మంత్రిగారిది సున్నా, ఆమెది సున్నా కంటే ఎక్కువ. కదిలిందెవరో మీరే చెప్పండి."

"అంబులెన్సుల ఏస్కపోయిన్రు సార్ ఆమెను."

"ఎలా వెళ్లిందన్నది స్థానభ్రంశానికి అనవసరమయ్యా."

ఆ విధంగా అది ఆగి ఉన్న వాహనాన్ని పాదచారి ఢీకొట్టిన ఘటన అని తేలింది. కేసు రేణుకమ్మ మీదకు వచ్చింది. అప్పుడు చూడాలి మంత్రిగారి పెద్ద మనసు.

"ఆడబిడ్డ మీద కేసేంది, పాపం. గామెను గూడ ఇంటికి తోల్కరాండ్రి. గామెది గూడ సున్నా అయితది. ఇగ కొట్లాటనే ఉండది" అన్నారు.

ప్రమాదమన్న కాగితం లేదు కనుక దవాఖానవాళ్లకు కూడా మంచం ఖాళీ కావడమే కావాలి. మర్నాడు మధ్యాహ్నం మంత్రిగారి సొంత ఖర్చుతో వ్యాను వచ్చింది. రాడ్ వెయ్యని కాలును రెండు చెక్కల మధ్య కట్టి రేణుకమ్మను దింపారు. వ్యాను గుంతలో పడ్డప్పుడల్లా ఆమె అరిచిన అరుపు ముందు సీట్లో కూర్చున్న నాకు వినిపిస్తూనే ఉంది. అయినా ఫొటో తీశాను. "చికిత్స ముగించుకుని ఇంటికి" అని శీర్షిక కూడా అనుకున్నాను.

కాలు విరిగిన రోజు పొద్దున ఆమె జామకాయల గంప ఎక్కడ నెత్తికెత్తుకుందో బాలమల్లును అడిగి, వాకిట్లో సరిగ్గా అక్కడే సార్ మంచం వేయించారు. టేపు పెట్టి కొలిచారు. "స్థానభ్రంశం సున్నా. వేగం సున్నా. ఆయనా కదల్లేదు, ఈవిడా కదల్లేదు. కదలని ఇద్దరి మధ్య ప్రమాదం జరగదు. ఫైలు క్లోజ్" అన్నారు.

"మరి దవాఖానకు మల్ల ఎప్పుడు పోవాలె సార్?" అన్నాడు బాలమల్లు.

"పోతే కేసు తిరగతోడాల్సి వస్తుంది."

వాకిట్లో ఎండ మండిపోతోంది. రేణుకమ్మ కళ్లు తెరవలేకపోయింది. "ఇగో, జర మంచం నీడకు గుంజు" అంది మొగుడితో.

బాలమల్లు వంగి మంచం కోడు పట్టుకున్నాడు.

"ఆ, వద్దు" అన్నారు సార్. "ఇప్పుడే సున్నా వచ్చింది."

బాలమల్లు మంచం వదిలేశాడు. వెళ్లి ఎండకు అడ్డంగా నిలబడ్డాడు. అతని కదలిక కమిటీ పరిధిలోకి రాదు కాబట్టి సార్ అభ్యంతరం చెప్పలేదు.