మెట్ల కింద బామ్మర్ది

ఆ రోజు ఉదయం గంభీరంగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మొదటి బృందానికి కోట చూపించాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాలి. భార్యను వంటింట్లోకి పిలిచి, గాజుల సంగతి ఆవిడకు కోపం రాకుండా చెప్పాలి. అంతే.

గంభీరం ఆయన అసలు పేరు కాదు, గొంతును బట్టి వచ్చింది. ఆయన మంచినీళ్ళు అడిగినా పక్క రాజ్యం మీద యుద్ధం ప్రకటించినట్టే ఉండేది. కోట మ్యూజియంలో ఆయన గైడు. ఆ గొంతు కోసమే మ్యూజియంవాళ్ళు ఈ మధ్య కొత్త ఏర్పాటు చేశారు. సందర్శకులందరికీ హెడ్‌ఫోన్లు ఇస్తారు. గంభీరంగారు మేడ మీద ఓ ఇరుకు గదిలో కూర్చుని, వాళ్ళు ఏ హాల్లో ఉన్నారో తెర మీద చూస్తూ, కాలరుకు తగిలించుకున్న మైకులో మాట్లాడతారు. అదీ మామూలుగా కాదు, రాజుగారే స్వయంగా చెబుతున్నట్టు. "ఇది నేను కొలువుతీరిన సింహాసనం. ఇది నా కత్తి. ముట్టుకోవద్దు" అని.

ఇక గాజుల సంగతి. కోట వెనక సిబ్బంది క్వార్టర్లలో గంభీరంగారి ఇల్లు. ఉద్యోగం వెతుక్కుంటానని వచ్చిన బామ్మర్ది ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. వచ్చి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టడం గంభీరంగారు ఎప్పుడో మానేశారు. ఈ మధ్య అతని మనసు ఉద్యోగం మీంచి వ్యాపారం మీదికి మళ్ళింది. "కోట మీద పెద్ద బెలూన్‌లో జనాన్ని తిప్పుతాను బావగారూ. పైనుంచి చూస్తే ఊరంతా బొమ్మరిల్లులా కనబడుతుంది" అన్నాడు ముందురోజు భోజనాల దగ్గర. అని ఊరుకుంటే బాగుండేది. అక్క చేతుల వంక చూసి, "ఆ గాజులు ఎంత బరువుంటాయక్కా?" అని కూడా అడిగాడు.

గంభీరంగారు అన్నం సగంలో వదిలేసి లేచారు. తెల్లవారగానే, భార్య నిద్ర లేవకముందే, ఆవిడ రాత్రి బీరువాలో పెట్టిన గాజులు తీసి, పాత చెప్పుల పెట్టెలో పెట్టి, ఇంటి మెట్ల కింద చిన్న చెక్క తలుపున్న అరలో దాచేశారు. ఆవిడను లేపి చెబుదామనుకున్నారు గానీ, నిద్రలో లేపితే ఆవిడకు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు.

మ్యూజియం గేటు దగ్గర టిక్కెట్లిచ్చే అమ్మాయి ఎదురు పరిగెత్తుకొచ్చింది.

"సార్, తనిఖీ మేడమ్ వచ్చేశారు!"

"రేపు కదా రావాల్సింది?"

"అదే నేనూ అన్నాను. రేపు వస్తే మీరు తుడిచి పెడతారుగా, అందుకే ఇవాళొచ్చానన్నారు."

ఆవిడ పర్యాటక శాఖ నుంచి వస్తున్నది ఊరికే చూసి పోవడానికి కాదు. జనం రాని ఈ కోటను మ్యూజియంగా ఉంచాలా, హోటలువాళ్ళకు ఇచ్చేయాలా అన్నది తేల్చడానికి.

"మరి డైరెక్టరుగారు?"

"రాజధానిలో మీటింగట. ఫోను తియ్యట్లేదు. మేడమ్ మామూలు జనంతోపాటే హెడ్‌ఫోన్ పెట్టుకుని తిరుగుతానన్నారు. మీరు పైకెళ్ళండి సార్, మన అందరి ఉద్యోగాలూ మీ గొంతులోనే ఉన్నాయి."

ఉద్యోగాలన్నీ ఉన్నందువల్లో ఏమో, గొంతు కాస్త పట్టేసింది. అయినా గంభీరంగారు తమాయించుకుని మొదలుపెట్టారు. వెనక సన్నగా వయొలిన్ సంగీతం. సింహాసనం బాగానే జరిగింది. ఆయుధాలూ బాగానే జరిగాయి. బృందం చిత్రపటాల హాల్లోకి వచ్చింది. తనిఖీ మేడమ్ ముఖంలో ఏ భావమూ లేదు. ఆవిడ పక్కన రిటైరైన చరిత్ర మాస్టారు ఒకాయన, ఆ వెనక కొడుకూ కోడలితో వచ్చిన ఓ మామ్మగారు, ఇంకా పదిమంది దాకా.

"ఇది నా పట్టమహిషి చిత్రపటం" అన్నారు గంభీరంగారు. "ఈమె ఓర్పుకు భూదేవి అయినా..."

జేబులో ఫోను అదిరింది. భార్య. ఆయన తీయలేదు. మళ్ళీ అదిరింది. మళ్ళీ. పని వేళల్లో ఎప్పుడూ చేయని మనిషి. ఇక తప్పక, మైకు ఆపుదామని నడుముకున్న చిన్న డబ్బా మీద మీట నొక్కి ఫోను తీశారు.

డబ్బా మీద రెండు మీటలుంటాయి. ఒకటి గొంతుది, రెండోది సంగీతానిది. ఆయన నొక్కింది సంగీతానిది.

కింద హాల్లో వయొలిన్ ఆగిపోయింది. తర్వాత రాజుగారు అందరి చెవుల్లోనూ అన్నారు:

"ఏంటే ఆ ఏడుపు?"

బృందమంతా పట్టమహిషి పటం వంక చూసింది.

"పోలీసులెందుకే, నీకేమైనా మతిపోయిందా? గాజులు ఎక్కడికీ పోలేదు. నేనే దాచాను... ఎందుకంటావేంటి? మీ తమ్ముడి కంట పడకూడదని!"

మామ్మగారు చెంప మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, రాజుగారికీ ఈ బాధ ఉందా!"

"ఆ రోజుల్లో పోలీసులేంటండీ?" అన్నాడు ఆవిడ కొడుకు.

"భటులనే అర్థం" అన్నారు చరిత్ర మాస్టారు. "మనకు తెలియడానికి అలా అన్నారు. కానీ ఈ ఘట్టం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదే!" ఆయన నిజంగానే కంగారుపడ్డారు. ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన రాజుకు ఇలాంటి బామ్మర్ది ఉన్నట్టు తనకు తెలియకపోవడం ఆయనకు పెద్ద దెబ్బే.

"మెల్లగా మాట్లాడు, వాడు వింటాడు" అంటున్నారు రాజుగారు. "మెట్ల కింద. చిన్న చెక్క తలుపు లేదూ, దాని వెనకాల. వెళ్ళి చూసుకో."

అందరి చూపూ ఒక్కసారే పక్క హాలు వైపు తిరిగింది. అక్కడ రాణివాసానికి వెళ్ళే పెద్ద మెట్లు. మెట్ల కింద చిన్న చెక్క తలుపు.

ముందు కదిలింది తనిఖీ మేడమ్.

ఫోను పెట్టేసి గంభీరంగారు తెర వంక చూస్తే హాలు ఖాళీ. పట్టమహిషి ఒక్కతే ఉంది. తన మాటలు నచ్చక జనం వెళ్ళిపోయారనుకున్నారు. కిందికి పరిగెత్తారు. సగం మెట్లలో టిక్కెట్ల అమ్మాయి ఎదురొచ్చింది.

"సార్, రాణిగారి గాజులు మెట్ల కిందున్నాయటగా!"

"ఎవరు చెప్పారు?"

"మీరే సార్!"

"నేనా?"

"మీ మైకు ఇప్పటికీ ఆన్‌లోనే ఉంది సార్."

గంభీరంగారు నడుము తడుముకున్నారు. ఆకుపచ్చ దీపం ఆయన్నే చూస్తూ వెలుగుతోంది. "కొంప మునిగింది" అన్నారు. దూరంగా హాల్లోంచి మామ్మగారి కేక వినబడింది: "కొంప మునిగిందంటున్నారు! తొందరగా తియ్యండి!" అప్పుడు ఆర్పారు మైకు.

ఆయన చేరేసరికి జనం చెక్క తలుపు చుట్టూ మూగి ఉన్నారు. ఆ తలుపు తీయగా ఎవరూ చూడలేదు. లోపల చీపుళ్ళుంటాయని సిబ్బంది నమ్మకం. తనిఖీ మేడమ్ రెండు చేతులతో తలుపు పిడి పట్టుకుని లాగుతోంది.

"ఇది లోపలినుంచి గడియ వేసుంది" అంది ఆవిడ, నెమ్మదిగా వెనక్కి తిరిగి.

లోపలినుంచి తలుపెవరు వేసుకుంటారు? చరిత్ర మాస్టారు తలుపుకు చెవి ఆనించారు. ఆనించినవారు ఆనించినట్టే పాలిపోయారు.

"ఎవరో... పుక్కిలిస్తున్నారు."

మామ్మగారి కోడలు కెవ్వుమంది. అదే క్షణంలో గడియ కిర్రుమంది, తలుపు తెరుచుకుంది. ఒక పెద్దమనిషి, బనీను, పొట్టి లాగు, మెడలో తువ్వాలు, నోట్లో పళ్ళు తోముకునే బ్రష్షు, గడ్డం మీద నురగ. ఆయన వెనక మడత మంచం, దాని మీద నలిగిన దుప్పటి, మేకుకు వేలాడుతున్న కోటూ టై.

ఆ కోటును గంభీరంగారు గుర్తుపట్టారు. తర్వాత మనిషిని గుర్తుపట్టారు. రాజధానిలో మీటింగులో ఉన్న డైరెక్టరుగారు, ఎదురుగా నిలబడ్డ జనాన్ని చూసి, నురగ మింగేశారు.

చివరికి మామ్మగారు వేలు చాపి, కోటంతా మార్మోగేలా అరిచింది.

"రాజుగారి బామ్మర్ది!"

చప్పట్లు మొదలయ్యాయి. డైరెక్టరుగారు గంభీరంగారి వంక చూశారు. మునిగిపోయేవాడు గట్టు వంక చూసే చూపది. నిజం చెబితే డైరెక్టరు పోతారు, ఆయన వెనకే మ్యూజియం, దాని వెనకే అందరి ఉద్యోగాలు. గంభీరంగారు ఒక అడుగు ముందుకు వేశారు. మైకు లేకుండానే కోట గోడలు అదిరాయి.

"ఓరీ బామ్మర్దీ! దొరికావా!"

డైరెక్టరుగారు ఉలిక్కిపడి బ్రష్షు జారవిడిచారు. తర్వాత ఆయనకూ విషయం తలకెక్కింది. "బావా! క్షమించు బావా!" అంటూ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ గంభీరంగారి గుండెలో ఇన్నాళ్ళుగా పేరుకున్నదంతా ఆ ఒక్క మాటతో కట్ట తెంచుకుంది. "క్షమించాలా? పొద్దెక్కేదాకా పడుకుంటావు! లేవగానే కాఫీ అంటావు! నా తువ్వాలుతోనే తుడుచుకుంటావు! ఉద్యోగం చూసుకోరా అంటే గాల్లో తిరుగుతానంటావు! చివరికి తోడబుట్టినదాని చేతి గాజుల మీద పడిందా నీ కన్ను?"

జనం వెర్రెత్తిపోయారు. తనిఖీ మేడమ్ ఫోనులో వీడియో తీస్తోంది. గంభీరంగారు ఇంకో ఊపిరి పీల్చుకుని తలెత్తారు. జనం వెనక, హాలు గుమ్మంలో, చెప్పుల పెట్టె చేత్తో పట్టుకుని అసలు బామ్మర్ది నిలబడి ఉన్నాడు. అతని వెనక ఆయన భార్య, పరిగెత్తుకొచ్చిన ఆయాసంతో.

గంభీరంగారు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

బామ్మర్ది జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు. "అక్క ఫోను పాడైంది బావగారూ, స్పీకరులో తప్ప వినపడదు. నేను పక్కనే ఉన్నాను. అంతా విన్నాను. గాజుల బరువు ఎందుకడిగానో తెలుసా? అక్క చెయ్యి చిక్కిపోయింది, అవి జారిపోతున్నాయి. కాస్త తగ్గించి చేయిద్దామని. నేను బద్ధకస్తుణ్ణే. తువ్వాలు కూడా నిజమే. కానీ నన్ను దొంగననుకున్నారా?"

పెట్టె ఆయన చేతుల్లో పెట్టాడు. మూత జారి గాజులు తళుక్కుమన్నాయి. జనం "ఆఁ" అన్నారు.

గంభీరంగారికి ఇంతవరకు తగిలిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండి, భార్య చెయ్యి చిక్కిన సంగతి తను చూడనే లేదు. ఆ పెద్ద గొంతు ఎక్కడికో పోయి, మామూలు మనిషి గొంతు వచ్చింది.

"తప్పు నాదేరా. అడగకుండానే అనేసుకున్నాను."

బామ్మర్ది కళ్ళు తుడుచుకున్నాడు. మామ్మగారు కూడా తుడుచుకుంది. ఆవిడ కొడుకు మాత్రం బనీనులో ఉన్న ఆయన్నీ ఈ కుర్రవాణ్ణీ మార్చి మార్చి చూసి, "ఇంతకీ ఈ రాజుగారికి బామ్మర్దులెంతమందండీ?" అని అడిగాడు.

"రాణులెంతమందో అంతమంది" అన్నారు చరిత్ర మాస్టారు, పోయిన పరువు కొంత తిరిగి రాబట్టుకుంటూ.

తనిఖీ మేడమ్ వీడియో ఆపింది. "ఎన్ని మ్యూజియాలు చూశానో, నిలబడి నిద్రపోకుండా బయటికొచ్చింది ఇదొక్కటే. హోటలు మాట మరచిపోండి. ఈ నాటకం రోజూ ఉండాలి. ఈ కుర్రవాడు అద్భుతం, వెంటనే ఉద్యోగంలోకి తీసుకోండి." తర్వాత డైరెక్టరుగారి వంక తిరిగింది. "మీరు ఏమీ అనుకోకండి, మీ నటన కొంచెం అతిగా ఉంది. ఇంతకీ మీ డైరెక్టరు ఎక్కడ?"

"రాజధానిలో మీటింగండీ" అన్నారు డైరెక్టరుగారు.

సాయంత్రానికల్లా అంతా కుదిరిపోయింది. బామ్మర్దికి ఉద్యోగం, వేషం, బస కూడా దొరికాయి. మెట్ల కింద గది ఇకనుంచి రాజుగారి బామ్మర్ది గదిగా సందర్శకులకు చూపించాలి కాబట్టి, అతను అందులోనే ఉండాలని మేడమ్ ఉత్తర్వు. పెట్టె సర్దుకుని, బావగారి కాళ్ళకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు.

ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరే మిగిలారు. గంభీరంగారు తిట్లకు సిద్ధపడి కూర్చున్నారు. ఆవిడ రెండు కాఫీలు తెచ్చి పక్కన కూర్చుంది.

"వాణ్ణి మీరన్నవన్నీ నేను అనాలనుకున్నవే. అక్కని కాబట్టి నోరు రాలేదు" అంది. "కానీ గాజులు చెప్పకుండా తీస్తే ఈసారి నిజంగానే పోలీసుల్ని పిలుస్తాను."

ఆ మాటకు ఆయన ఎంత తేలికపడ్డారంటే, తలుపు చప్పుడైతే తనే లేచి వెళ్ళి తీశారు.

గుమ్మంలో డైరెక్టరుగారు. చేతిలో కోటూ, టై, మడత మంచం.

"మా ఆవిడ పుట్టింటివాళ్ళని ఒక్క మాటన్నానోయ్. ఇంటి తలుపు వేసేసింది. ఇప్పుడా మెట్ల కింద గది కూడా పోయె" అంటూ లోపలికొచ్చి, గది నాలుగు మూలలూ చూసి, కిటికీ పక్కన మంచం విప్పారు. "అమ్మా, నాక్కూడా కాస్త కాఫీ. పొద్దున మాత్రం లేపకండి, నాకు ఆలస్యంగా లేవడం అలవాటు."

గంభీరంగారు లోపలికెళ్ళి దుప్పటి తెచ్చారు. బామ్మర్దినైతే ఏదో ఒక రోజు ఏదో ఒకటి అనవచ్చు. పైఅధికారికి దుప్పటి కప్పాల్సిందే.