పిండితో కొలిచిన బానెట్

ఈస్టర్ ముందు శనివారం పొద్దున ఆరింటికే లెన్ గోర్‌స్కీ ఆ రోజు కార్యక్రమమంతా మనసులో రాసేసుకున్నాడు. తొమ్మిదికల్లా బానెట్ బిగించాలి. పదకొండున్నరకి అత్తగారు వాండాని కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, ఆవిడ ఒళ్లో రొట్టె, గుడ్లు, సాసేజీ సర్దిన బుట్ట పెట్టాలి. పన్నెండింటికి ఫాదర్ బుట్టల మీద పవిత్రజలం చల్లే వేళకి చర్చిలో ఉండాలి. అమెరికాలో పోలిష్ వాళ్లుండే ఊరు హామ్‌ట్రామిక్‌లో ఇంకెవరికైనా ఇది పావుగంట పని. లెన్‌కి మూడేళ్లు పట్టింది.

కారు మామగారు కాజిమిర్‌ది. అరవై తొమ్మిది నాటి ఎర్ర మజిల్ కారు, కుర్రాళ్లు రేసులకి మోజుపడే రకం. ఆయన బతికున్నన్నాళ్లూ ఏటా వాండాని బుట్టతో సహా అందులోనే చర్చికి తీసుకెళ్లాడు. ఆయన పోయాక లెన్ "కాస్త బాగుచేస్తాను" అంటూ కారు విప్పాడు. విప్పినవాడు ఊరుకోక, చిన్న ఇంజను పీకి దానికి రెండింతలుండే ఇంజను ఎక్కించడం మొదలుపెట్టాడు. "ఆయన కారులో అయితే వస్తా, లేకపోతే రాను" అని కూర్చున్న వాండా మూడు ఈస్టర్లుగా చర్చి గడప తొక్కలేదు. ఆవిడకిప్పుడు ఎనభై నాలుగు. గుండె డాక్టరు మొన్న మాట్లాడిన తీరు చూశాక, వచ్చే ఈస్టర్ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

లెన్ భార్య టెరీసా మూడేళ్లూ కోపంగానే ఉంది. పొద్దున కాఫీతో ఒకసారి, రాత్రి సూపుతో ఒకసారి అదే మాట. "మా నాన్న ఆ కారులో ఒక్క నట్టు మార్చలేదు. ఎలా కొన్నాడో అలాగే ఉంచాడు. బానెట్ మీద రంగు కూడా ఆయన చేత్తో వేసుకున్నదే. దాని మీద గీత పడిందో, నీ సామాను వీధిలో ఉంటుంది." అందుకని లెన్ బానెట్‌కి దుప్పటి చుట్టి గోడకి ఆనించాడు. దాని లోపలివైపు అంటించిన మందపాటి గుడ్డని కూడా కదపలేదు.

పెద్ద ఇంజను ఎక్కించేవాళ్లు చివర్లో ఒక పని చేస్తారు. ఇంజను నెత్తిన బంకమట్టి ముద్ద పెట్టి, బానెట్ మెల్లిగా దించి, మళ్లీ ఎత్తి, నలిగిన ముద్ద మందం కొలుస్తారు. మధ్యలో ఎంత ఖాళీ ఉందో తెలిసిపోతుంది. ఆ పొద్దున బంకమట్టి డబ్బా తెరిస్తే లోపల రాయి ఉంది. శీతాకాలం షెడ్డులో పడి ఎండిపోయింది. లెన్‌కి ఒళ్లు మండింది. విసురుగా వంటింట్లోకి వెళ్లాడు. అక్కడ గిన్నెలో గుడ్డ కప్పిన పిండి మెత్తగా కనిపించింది. పిడికెడు తీసుకొచ్చాడు. పెట్టాడు, దించాడు, ఎత్తాడు.

కొలిచేలోపు బావమరిది రోమన్ వచ్చాడు. చేతిలో తళతళలాడే ఎత్తైన గాలి ఫిల్టరు ఉంది.

"ఇది పట్టదు," అన్నాడు లెన్.

"ఏనుగంత ఇంజను పెట్టి దానికి మూకుడు మూత పెడతావా బావా? వీధిలో నవ్వుతారు."

"నవ్వితే నన్ను చూసి నవ్వుతారు. నీకేం నొప్పి?"

"నాకే నొప్పి. ఆ కారు మా నాన్నది."

హీటరు పక్కనే నిలబడి ఇద్దరూ ముప్పావుగంట ఇలా కీచులాడుకున్నారు. ఆ వెచ్చదనానికి ముద్ద తన పని తాను చేసుకుపోయింది. చివరికి లెన్ స్కేలు పెడితే అంగుళమున్నర తేలింది.

"చూశావా," అన్నాడు రోమన్. "ఫిల్టరు పెట్టాక కూడా అరంగుళం మిగులుతుంది."

రొట్టె పిండి పొంగుతుందని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. ఏటా ఆ రొట్టెలో సగం తినేది వాళ్లిద్దరే.

పొద్దున తొందరలో చూడకుండా గిన్నెతో సహా ఓవెన్‌లో పెట్టిన రొట్టెని వంటింట్లో టెరీసా బయటికి తీసింది. కాలిన రొట్టెలో వేళ్ల గుంట ఉంది. మగవాళ్లిద్దరూ షెడ్డులో ఉన్నారు. ఇంట్లో ఉన్నది తల్లి ఒక్కతే.

"అమ్మా, పచ్చిపిండి తిన్నావా?" చెవి దగ్గరకెళ్లి గట్టిగా అడిగింది. వాండాకి వినికిడి బాగా తగ్గింది.

"నేనా? పచ్చిపిండా?"

"మతిమరుపులో తిన్నావేమో. కడుపులో నొప్పేమైనా వస్తోందా? డాక్టర్ని పిలవనా?"

వాండా అప్పటికే తొడుక్కున్న మంచి కోటు విప్పి కుర్చీలో పడేసింది. "నన్ను దొంగంటావు. పైగా పిచ్చిదంటావు. నేనెక్కడికీ రాను. బుట్ట నువ్వే మోసుకుపో." గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

సరిగ్గా అప్పుడే షెడ్డులో, కొత్త ఫిల్టరు బిగించిన లెన్ బానెట్‌ని రెండు చేతులతో ధనామని వేశాడు. ఎర్ర రేకు నడిమధ్య అరచేయంత బొప్పి లేచింది. గడియ పడింది, మళ్లీ రానంది. లెన్ కంగారులో కారు స్టార్టు చేశాడు. నలిగిన ఫిల్టరు కింద, ఇంజనుకి పెట్రోలు అందించే కార్బురేటరు పూర్తిగా తెరుచుకుని నొక్కుకుపోయి ఉంది. ఇంజను మొదటి క్షణం నుంచే గొంతు చించుకుని అరిచింది. గేరు వేస్తే కారు ఎదురింట్లో ఉండేది. తాళం తిప్పేసి లెన్ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

టెరీసా పరుగున వచ్చింది. ముందు బొప్పిని చూసింది. తర్వాత బల్ల మీద గ్రీజు మరకలతో ఉన్న ముద్దని చూసింది.

"ఇది నా పిండి."

రోమన్ లెన్ వైపు వేలు చూపించాడు.

"దీని కోసం మా అమ్మని దొంగని చేశాను. ఆవిడ గదిలో కూర్చుని ఏడుస్తోంది. ఈ ఒక్క రోజు కోసం మూడేళ్లు ఎదురుచూసింది, లెన్. ఏం మనిషివి నువ్వు?"

"బానెట్ తెరుచుకుంటే ఐదు నిమిషాల్లో సరిచేస్తా," అన్నాడు లెన్, తలెత్తకుండా. "తెరుచుకోదు. కొయ్యాలి."

"కోస్తావా? నాన్న బానెట్‌ని?"

గడియారం పదకొండు ఇరవై చూపిస్తోంది. లెన్ కోత మిషను అందుకున్నాడు. టెరీసా దాన్ని అతని చేతిలోంచి లాక్కుంది.

"మా నాన్నది. కోస్తే నేను కోస్తాను."

కళ్లనీళ్లతో, పళ్లు బిగించి, తండ్రి వేసిన రంగు మీద బ్లేడు ఆనించింది. నిప్పురవ్వలు రాలేదు. గులాబీరంగు పొడి రాలింది. ఇంకాస్త నొక్కగానే పాత పుట్టీ పెళ్లలు ఊడి, చతురస్రంగా ఒక రేకు ముక్క దానంతటదే పైకి లేచింది. కింద చక్కగా ఆకురాయి పట్టిన అంచులతో ఒక కన్నం. గుడ్డని చీల్చుకుని అందులోంచి కొత్త ఫిల్టరు తల బయటపెట్టింది. కార్బురేటరు మీద నొక్కు వదిలింది.

వెనక నుంచి వాండా గొంతు వినిపించింది. కోటు మళ్లీ తొడుక్కుని ఉంది. "ఆ చప్పుడు ఆపారేం?"

"నీకు వినపడిందా?" అన్నాడు రోమన్.

"పదేళ్లకి ఒక్కటి సరిగ్గా వినపడింది. ఆపేశారు." ఆవిడ కన్నం కేసి చూసింది. "దొరికిందా? మీ నాన్న డెబ్భై ఒకటిలో ఇలాంటిదే పెద్ద ఇంజను ఎక్కించాడు. బానెట్ ఇక్కడే కోశాడు. ఆ గోలకి చంటిది నిద్రపోవడం లేదని నేనే ఇంజను తీయించి, కన్నం మూయించాను. మూడు నెలలు నాతో మాట్లాడలేదు."

టెరీసా చేతిలో మిషను అలాగే ఉంది. "ఆ చంటిది ఎవరు?"

"నువ్వే."

"మరి ఒక్క నట్టు మార్చలేదని మూడేళ్లుగా అరుస్తుంటే వింటూ కూర్చున్నావా?"

"ఎక్కడే వినపడింది నాకు? లెన్ మళ్లీ అలాంటి ఇంజనే పెడుతున్నాడని తెలిసి, ఆ చప్పుడు ఇంకోసారి విందామని నోరు మూసుకుని కాచుక్కూర్చున్నాను." వాండా బల్ల మీది ముద్దని వేలితో పొడిచి చూసింది. "ఆయనకీ అప్పుడు కొలత తప్పింది. అదీ నా ఈస్టర్ పిండే. పట్టుకో బుట్ట."

ఒక పిడికెడు తగ్గిన రొట్టెతో, కన్నం పడిన బానెట్‌తో పదకొండు నలభైకి కారు బయల్దేరింది. టెరీసా లెన్‌ని తిట్టింది, లెన్ రోమన్‌ని తిట్టాడు, రోమన్ ఇద్దరినీ తిట్టాడు. వాండా బుట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని, కళ్లు మూసుకుని ఇంజను వింటూ కూర్చుంది. మిగతా ముగ్గురిలో ఎవరి మాటా ఎవరికీ వినపడకపోవడంతో, మూడేళ్లలో మొదటిసారి ఆ కుటుంబం ఏ గొడవా లేకుండా చర్చికి చేరింది.