పడిలేచే ప్యాచును పండబెట్టిన వైదేహి

తలమీద మెట్రోరైలు కార్మేఘమువలె గర్జించుచు పోవ, దాని నీడలో షేర్ ఆటోవారు "క్యాంపస్, క్యాంపస్, ఒక్కరే, ఒక్కరే" అని వందిమాగధులవలె ఎలుగెత్తి పిలువ, కోచింగ్ సెంటర్ల బోర్డులమీద నిరుటి ర్యాంకర్లు దేవతలవలె చిరునవ్వులు చిందింప, ఇడ్లీబండ్ల ఆవిరి హోమధూమమై ఎగయు తార్నాక కూడలియందు, కార్తీకమాసపు శుక్రవారమొకటి తెల్లవారి చలి ఇంకను వీడని వేళ, పాస్‌వర్డు మరచినవారి పాలిటి కల్పవల్లియు, ప్రింటరు మొరాయించిన ఆచార్యుల ఆపద్బాంధవియు, విశ్వవిద్యాలయ భూగర్భజల విభాగమునందలి కంప్యూటర్లకెల్ల ఏకైక సంరక్షకురాలును అగు వైదేహి, భుజమున లంచ్‌బ్యాగు అంబులపొదివలె వ్రేలాడ, ఆటోలో ఆఖరి సీటును ఆక్రమించెను.

ఆక్రమించెనో లేదో, ఫోను మ్రోగెను.

"అక్కా, ఏడున్నవ్?" ఆ గొంతు పరిశోధక విద్యార్థిని భాగ్యది. "సర్వర్ల ఎర్రగ ఏందో వస్తనే ఉన్నది. ఆగుతలేదు."

"ఏం రాసుంది తల్లీ?"

"ఫెయిల్డ్ అంటది. మళ్ల స్టార్టింగ్ అంటది. మళ్ల ఫెయిల్డ్ అంటది. అచ్చం మా తమ్ముని ఇంజనీరింగ్ లెక్కనే ఉన్నది."

ఆ ఎర్రగీతకు మూలమెవరో వైదేహి ఎరుగును. నిన్న సాయంత్రము దానిని తన చేతులతో ప్రతిష్ఠించినది తానే.

కెర్నెల్ అనునది కంప్యూటరునకు గుండెకాయ. ఆ గుండెలో ఒక చిల్లు బయటపడినదనియు, దొంగలు దూరకమునుపే అతుకు వేయవలెననియు, శుక్రవారము మధ్యాహ్నమునకు అతుకు పడని యంత్రమును నిర్దాక్షిణ్యముగా ఆపివేయుదుననియు, క్యాంపస్ కంప్యూటర్ సెంటరును ఏలు దానియేలు అను అధికారి ఆజ్ఞాపించియుండెను. అతుకు వేయుట సులభమే. కాని వేసిన పిదప యంత్రమును ఒకమారు ఆపి లేపవలెను. ఆపినచో దానిమీద నడచుచున్న భాగ్య లెక్క చచ్చును. నల్లగొండ పల్లెల బోర్ల కింద ఇంకెంత నీరు మిగిలియున్నదో తేల్చు ఆ లెక్క, దసరాకు ముందు మొదలై రేయింబవళ్లు నడచి, ఈ సాయంత్రము ముగియనున్నది. సోమవారము ఆమె ఆఖరి సెమినారు. గడువు ఇప్పటికే పొడిగించిరి. ఇంకొకమారు పొడిగించుట కుదరదని ఖండితముగా చెప్పిరి.

కావున వైదేహి లైవ్ ప్యాచ్ అను మహావిద్యను ఆశ్రయించెను. మనిషి నడుచుచుండగనే ఒంటిమీది చొక్కాకు గుండీ కుట్టునట్టి విద్య అది; ఆగమననక్కరలేదు, విప్పమననక్కరలేదు. పక్కనున్న భౌతికశాస్త్రపు లాబ్‌లో అది చక్కగా పనిచేసినది. పక్కింట ఉడికిన పప్పు మన ఇంట ఉడకదా అని, ఆమె అదే ఆదేశమును తెచ్చి అక్షరము మార్చక కొట్టెను. కుక్కరు వేరన్న సంగతి మరచెను.

ఈ ఇంటి కుక్కరు పేరు మోదుగు. అది ఏ సంతలోను దొరకని ఆపరేటింగ్ సిస్టమ్. ఈ విభాగమున జీవితమంతయు కొలువుచేసి పదవీవిరమణ పొందిన నరహరి సార్, పేరుపడిన సిస్టమొకదాని దేహమును తీసికొని, గుండె మార్చి, పేరు మార్చి, లోనికి వచ్చినవారిని "వచ్చినవా? బువ్వ తిన్నవా?" అని పలకరించునట్లు తీర్చిదిద్దెను. తీర్చి, దానికొక ధర్మశాసనము వ్రాసెను: పడిన సర్వీసును, అనగా తెరవెనుక పనిచేయు ప్రోగ్రామును, వెంటనే లేపవలెను, తప్పిపోయిన సర్వీసును వెదకి తేవలెను. కరెంటు వచ్చుచు పోవుచునుండిన పాతకాలమున ఆ కరుణయే లాబ్‌ను కాపాడెను. దానిని ఎవరును చెరుపకుండునట్లు ఆయన తన పాస్‌వర్డుతో తాళము వేసి, ఆ తాళపుచెవిని తన బుర్రలోనే పెట్టుకొని ఇంటికి పోయెను.

వైదేహి లాబ్‌లో అడుగిడునప్పటికి సంగ్రామము భీకరముగా సాగుచుండెను. లైవ్ ప్యాచ్ కన్ను తెరచి "నీది ఏ వంశము?" అని యంత్రమును ప్రశ్నించును. "మోదుగు" అని యంత్రము తల ఎత్తి చెప్పును. "అట్టి వంశమునకు నా కొలువున చోటులేదు" అని పలికి అది మూర్ఛిల్లును. మోదుగు జాలిపడి లేపును. లేచి, దులుపుకొని, "నీది ఏ వంశము?" అని మరల మొదటికి వచ్చును. పడిన ప్రతిసారియు తన మరణవార్తను సవిస్తరముగా లాగ్ అను చిట్టాలో వ్రాసికొనును. ఆ వ్రాతలతో డిస్కు వరదనాటి చెరువై నిండుచుండెను. నిండెనా, లెక్కకు ఫలితము వ్రాసికొన చోటుండదు. చోటులేని లెక్క అక్కడికక్కడే ప్రాణము విడుచును.

"పాతయి తీసేస్తనే ఉన్న అక్కా. తీసినకొద్ది నింపుతున్నది," అనెను భాగ్య, ఓడలో చేరిన నీటిని దోసిళ్లతో తోడుచున్నదానివలె. "డిస్కుల జాగ మధ్యాహ్నం దాక కూడ వచ్చేటట్టు లేదు."

"తీస్తూనే ఉండు. నేనొచ్చాగా."

అని వైదేహి చున్నీని నడుమునకు బిగించి, కుర్చీరథమును ముందుకు జరిపి, మొదట ఆగుమను ఆదేశమును సంధించెను. సర్వీసు ఆగెను. వ్రేలు మీటనుండి లేవకముందే అది లేచెను. అంతట కోపించి దానిని యంత్రమునుండి సమూలముగా పెకలించెను. తిరునాళ్లలో తప్పిపోయిన బిడ్డను వెదకి తెచ్చు తల్లివలె మోదుగు దానిని ఎక్కడినుండియో వెదకి, తెచ్చి, ఒడిలో కూర్చుండబెట్టుకొనెను. నేలరాలిన నెత్తుటిబొట్టు ఒక్కొక్కటియు మరియొక రాక్షసుడై లేచిన చందమున, ఎర్రగీతపై ఎర్రగీత, ఎర్రగీతపై ఎర్రగీత!

కాకినాడలో చదువుకొనునాడు ఏకపాత్రాభినయమున ప్రథమ బహుమతి గెలిచినది వైదేహి. కోపము మితిమీరినచో ఆ తెలుగు నేటికిని ఆమె నోట పొంగివచ్చును.

"ఓరీ పరదేశీ! పిలువగా వచ్చినవాడవు, పొమ్మన్న పోవేమి? అతుకు వేయుటకు వచ్చి గుడ్డనే చింపుదువా? కడవలకొలది కన్నీరు కార్చి నా చెల్లెలి చదువును ముంచుదువా? రమ్ము, నేడు నీవో నేనో తేలిపోవుగాక!"

"అక్కా," అనెను భాగ్య మెల్లగా, "అది ఇంగ్లిష్ మీడియం. దానికి సమజ్ అయితలేదు."

వైదేహికి నవ్వు వచ్చెను. నవ్వుతో పాటు ఉపాయమొకటి వచ్చెను. వంశమే కదా ఈ దుర్మార్గుడు అడుగునది! మారువేషము వేయుదము గాక! అని, యంత్రపు పేరు వ్రాసియుండు చోట మోదుగును తుడిచి, ఆ పేరుపడిన పెద్ద సిస్టమ్ పేరును లిఖించెను. లైవ్ ప్యాచ్ లేచెను. అడిగెను. విని, "ఆహా, మావాడే!" అని పచ్చగా వెలిగెను.

"అయిపోయిందక్కా! పచ్చగైంది!" అని భాగ్య చప్పట్లు చరచెను.

ఆ చప్పట్ల చప్పుడు ఆరకమునుపే లైవ్ ప్యాచ్ గుండీ కుట్టుటకు సూదితీసి, చొక్కా తొలగించి, లోని గుండెను చూచెను. అది నరహరి సార్ మార్చిన గుండె. "మోసము! ముఖము మావానిది, గుండె ఎవనిదో!" అని మునుపటికన్న బిగ్గరగా అరచి పడెను. మరణవార్త ఈమారు రెండింతలయ్యెను.

కొంతసేపటికి, వరండానుండి స్కూటరు హెల్మెట్టు చంకన పెట్టుకొని, నెరసిన జుట్టు నిక్కబొడుచుకొన, సాక్షాత్తు మోదుగు వంశకర్త నరహరి ప్రవేశించెను. పదవీవిరమణ పిదపకూడ ఆయన ప్రతిదినము ఇడ్లీ తిని, తార్నాకలోని తన ఇంటి కంప్యూటరునుండియే మోదుగును ఒకమారు పలకరించుట ఆచారము.

"ఎవలమ్మా నా మోదుగు పేరు మార్చింది? ఎన్నడు లేంది ఇయ్యాల నన్ను పట్టుకొని వెల్‌కమ్ అంటది! నన్ను! వెల్‌కమ్ అని!"

వైదేహి లేచి నిలిచి, "నేనేనండి," అని, మారువేషమును తీసివేసి పాతపేరును యథాస్థానమున నిలిపెను. "క్షమించండి సార్. లైవ్ ప్యాచ్‌కి మన సిస్టమ్ సపోర్టు లేదంటోంది."

"సపోర్టు లేకపోవుడేంది? నేను సచ్చిన్నా?"

"అయ్యయ్యో, అదేం మాటండి! మీరే కావాలిప్పుడు. పడ్డదాన్ని లేపే ఆ రూలు ఒక్కపూట తీసేయండి. లేకపోతే సాయంత్రానికి భాగ్య లెక్క ఉండదు."

నరహరి ముఖము జేవురించెను. ఆయన కుర్చీ వీపును పట్టుకొని, సభనుద్దేశించినట్లు పలికెను:

"పడ్డోణ్ణి లేపొద్దంటవా? ఈ లాబ్‌ల జనరేటర్ లేని దినాలల్ల, పిల్లల లెక్కలు కరెంటుకు పోతుంటే, ఒక్కొక్కదాన్ని చేతులతోని లేపినోణ్ణి నేను! ఎవడు పడ్డా మోదుగు లేపుతది. వాడు మనోడా, పరాయోడా అని అడగది. గిదొక్కటే రాసిన నేను నా బతుకుల. అది తీయమంటవా? తీయ!"

భాగ్య ఎర్రగీతలను తుడుచుచుండెను. ఆమె కన్నులును ఎర్రబడియుండెను. నరహరి ఆ పిల్లను చూచెను, చూపు తిప్పుకొనెను. ధర్మమునకు ధర్మము అడ్డుపడినచోట ఎంతటి వీరునికైనను తల వంగును గదా.

వైదేహి గట్టిగా వాదింపలేదు. కుర్చీ ఒకటి ఆయనకు జరిపి, ఇంటిమనిషితో మాటలాడినట్లే అడిగెను.

"సార్, మధ్యాహ్నం భోంచేసి కాసేపు నడుం వాలుస్తారు కదండీ?"

"వాలుస్త. అయితే?"

"అప్పుడు ఇంట్లోవాళ్ళు మీకేదో అయిందని లేపుతారా?"

"లేపితే ఊకుంటనా?"

"మరి దీన్నీ కాసేపు నిద్రపోనివ్వండి. మూర్ఛపోయినవాణ్ణి మీ మోదుగు లేపాల్సిందే, నేను కాదనను. నిద్రపోయేవాణ్ణి ఎందుకండీ లేపడం?"

నరహరి హెల్మెట్టును బల్లమీద పెట్టెను. తెరమీద తన శాసనమును మొదటినుండి చదివెను.

"నిద్ర అనేది నేను రాయనే లేదమ్మా," అనెను చివరకు. "పడుడు, లేసుడు, గీ రెండే రాసిన. అప్పుడు మాకు నిద్రెక్కడిది?"

అని, కళ్లద్దములు సవరించుకొని, తాళము తీసి, రెండు వ్రేళ్లతో ఒక్కొక్క అక్షరమును విత్తనము నాటినట్లు నాటుచు, తన శాసనమునకు కొత్త వాక్యమొకటి చేర్చెను: నిద్రించు సర్వీసును లేపరాదు. వైదేహి లైవ్ ప్యాచ్‌ను నిద్రించువారి వరుసలో చేర్చి, మీట నొక్కెను.

లైవ్ ప్యాచ్ కూలెను. మోదుగు చేయి చాచెను. శాసనమును చదివెను. చేయి వెనుకకు తీసికొనెను.

ఎర్రగీత మరల రాలేదు.

డిస్కుపై వరద నిలిచెను. భాగ్య బల్లమీద తల వాల్చి, "అబ్బ!" అని ఒక్కమాట అని, పడిపడి నవ్వసాగెను.

కాని గుండెలోని చిల్లు అట్లే ఉన్నది. మధ్యాహ్నపు ఆజ్ఞయు అట్లే ఉన్నది. వైదేహి ప్రాణములు పిడికిట పట్టుకొని, యుద్ధమునకైన సంధికైన సన్నద్ధురాలై దానియేలునకు ఫోను చేసెను. పిల్ల భవిష్యత్తును, నల్లగొండ రైతుల దాహమును, నరహరి కీర్తిని వర్ణించుచు ఆమె ప్రసంగము ఇంకను సగమైనను కాకమునుపే ఆవలివాడు అడ్డుపడెను.

"సాయంత్రం లెక్క అయినంక రీస్టార్ట్ చేస్తరు, అంతే గద మేడం? చేయుండ్రి."

"అంటే... ఆపెయ్యరా?"

"అడిగితే ఎందుకు ఆపుత? నిన్ననే ఒక్క ఫోన్ కొట్టొచ్చు గద. నేనేమన్న రాక్షసున్నా?"

వైదేహి ఫోను పెట్టివేసి, 'నిన్ననే' అన్న ఆ వాక్యమును ఎవరికిని చెప్పకుండ మ్రింగివేసెను. స్పీకరు ఆన్‌లో ఉండుటచే అది అందరికిని వినబడియే యుండెను.

పొద్దు వాలెను. లెక్క ముగిసెను. ఒక్కొక్క పల్లె పేరును, దానిపక్కన నీటిలోతును వరుసగా తెరమీదికి రాగా, భాగ్య తన ఊరిపేరు వచ్చువరకు నిలుచునియే చదివి, "ఉన్నయక్కా, నీళ్లింకా ఉన్నయ్," అని కూర్చుండెను. ఫలితములను భద్రపరచిరి. అతుకు మామూలుగా వేసిరి. యంత్రమును ఆపి, లేపిరి. మోదుగు లేచి, లోకమునందలి సర్వీసులనెల్ల లేపి, లైవ్ ప్యాచ్ పక్కనుండి మాత్రము పిల్లివలె చప్పుడు చేయక నడచిపోయెను.

నరహరి మాత్రము కదలక, ఇంకొకమారు చూచెదనని కూర్చుండెను.

"సార్, ఇగ మీరు గూడ ఇంటికి పోయి పండుండ్రి," అనెను భాగ్య హెల్మెట్టు చేతికిచ్చుచు. "పండినోళ్లను ఎవ్వలు లేపరు. రూల్ ఉన్నది."

ఇట్లు ఆ శుక్రవారమున ఏ కోటయు కూలలేదు, ఏ రాజ్యమును చేతులు మారలేదు, లైవ్ ప్యాచ్ మోదుగును తనదిగా ఒప్పుకొననును లేదు. పడిన సర్వీసులెన్ని అని వైదేహి ఆఖరుమారు ప్రశ్నింపగా, తెరమీద సున్న ఒకటి, పున్నమి చంద్రునివలె నిండుగా, గుండ్రముగా ఉదయించెను. దిక్కులన్నియు వినుగాక! ముగ్గురు ఒక దినమెల్ల పోరాడి, ఒక ప్రోగ్రామును నిద్రపుచ్చిరి!