ఈల వేసేదాకా ఆగొద్దు

ఆ ఉదయం కోచ్ గారి పథకం చాలా సులువైనది. క్లబ్బు కార్యదర్శి వస్తారు, పదకొండు మంది ఆడపిల్లలు బంతులతో ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెడతారు, కోచ్ గారి ఉద్యోగం నిలుస్తుంది. పిల్లలు ఆగారో, ఆయన బదులు జిమ్ము మాస్టారు వస్తాడు. బంతులు అటకెక్కుతాయి, పిల్లలు గ్రౌండు చుట్టూ గానుగెద్దుల్లా తిరుగుతారు.

"బంతులు పదే. లేనివాళ్లు ఎవరి దగ్గరుంటే వాళ్ల దగ్గర లాక్కోవాలి! ఈల వేస్తే ఆగాలి, మళ్లీ వేస్తే మొదలెట్టాలి. నోటితో ఎవరు ఆగమన్నా ఆగొద్దు, నేనన్నా సరే!"

గట్టు మీద నుంచి "చాల్లేమ్మా, అలిసిపోయావు" అనే తల్లుల బాధ పడలేక పెట్టిన రూలది.

ఈల మోగింది. వెనకే ఓ సబ్బు బుడగ వచ్చింది. కోచ్ గారి భార్య నిన్న ప్యాంటుతో పాటు జేబులో ఈలనూ ఉతికేసింది. ఇక ఎంత ఊదినా తుస్సే.

సరిగ్గా అప్పుడే కార్యదర్శి గారు బహుమతిగా మెరిసే కొత్త బంతి చంకన పెట్టుకుని వచ్చారు. బంతి లేని పిల్ల, కోచ్ గారి సొంత కూతురు, ముద్దుపేరు బొంగరం, ఆయన మీదికి దూకింది. అది చూసి మిగతా పదిమందీ పాత బంతులు వదిలేశారు. వదిలేస్తే లేనివాళ్లే కదా!

"బంతి పడేయండి సార్!" అని అరిచారు కోచ్ గారు.

"క్లబ్బు పద్దులో సంతకం పెట్టి తెచ్చానయ్యా!" అంటూనే ఆయన పరుగు లంకించుకున్నారు.

అక్కడ ఆయన పరుగు, ఇక్కడ ఈయన పరువు, రెండూ దౌడు తీశాయి.

"ఆగండర్రా! బొంగరం, నేను మీ నాన్నని చెబుతున్నా!"

"గ్రౌండులో నాన్నా లేదు, గీన్నా లేదన్నది మీరే సార్! మేం మోసపోం!"

ఎంతసేపటికో గోడ పక్కింట్లో కుక్కరు కూత వేసింది. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. కార్యదర్శి గోల్‌పోస్టును కావలించుకుని "హమ్మయ్య" అన్నారు.

రెండో కూత. మళ్లీ పరుగు.

మూడో కూతకు ఆగారు. నాలుగోది రాకముందే కోచ్ గారు గోడ దూకి, పరాయి వంటింట్లో స్టవ్ కట్టేశారు.

"ఇంకో కూత రావాలండీ!" అంది ఆ ఇల్లాలు.

"వద్దు తల్లీ, ఈ పూటకి పచ్చిగానే తినండి!"

తిరిగొచ్చేసరికి కార్యదర్శి గారు గడ్డిలో వెల్లకిలా పడి వాచీ చూసుకుంటున్నారు.

"మొదటి కూతకే ఇరవయ్యారు నిమిషాలయ్యా. ఒక్క పిల్లా ఆగలేదు. మీ ఉద్యోగం మీదే. ఆ జిమ్ము మాస్టార్ని నాకు పెట్టించండి."

క్లబ్బుకు కొత్త ఈల వచ్చింది. అయినా పక్కింట్లో వంట అయిందని తెలిస్తే గానీ కార్యదర్శి గారు గ్రౌండులో అడుగు పెట్టడం లేదు.