ఉరుము పెండింగు

తొమ్మిదేళ్ల కిందట దుర్గం ఓదెలు మీద పిడుగు పడింది. దాని ఉరుము మాత్రం ఇంకా రాలేదు. అందువల్ల అతను చనిపోవడం సగంలో ఆగి ఉంది.

నల్లగుట్ట మండలంలో ఇలాంటివాళ్లు పదిహేడుమంది. అది పెద్ద సంఖ్యేమీ కాదు. పక్క మండలంలో ముప్పై దాకా ఉన్నారు. పిడుగు అంటే వెలుగు, చప్పుడు కలిసి ఒకటి. రెండూ అందితేనే అందినట్టు. ఒక భాగం వచ్చి రెండోది రాకపోతే దాన్ని ఉరుము పెండింగు అంటారు. మనిషికి ఒక పచ్చ కార్డు ఇచ్చి పంపేస్తారు.

ఓదెలుకు అది జరిగినప్పుడు ముప్పై నాలుగేళ్లు. మృగశిర కార్తె, మధ్యాహ్నం. ఎకరంన్నర పత్తి చేలో మొలవని చోట మళ్లీ గింజలు పెడుతున్నాడు. పడమట మబ్బు పట్టడం చూశాడు, ఇంకో రెండు సాళ్లు అయ్యాక పోదామనుకున్నాడు. ఆ రెండు సాళ్ల మధ్యలో లోకమంతా తెల్లగా అయిపోయింది. లేచి చూసుకుంటే చెప్పులు కాలిపోయాయి, సద్దిగిన్నె మూత గిన్నెకు అతుక్కుపోయింది, వీపు మీద వేపరెమ్మ అచ్చు వేసినట్టు ఎర్రటి గీతలు. బట్టలు దులుపుకుని ఇంటికి నడిచి వెళ్లాడు.

అతని భార్య మధునవ్వ గడపలోనే ఆపింది.

"మెరుపైతే కొట్టింది. ఉరుము ఏదే?"

"రాలే."

"ఇంకా రాలేదా?"

ఇద్దరూ అరుగు మీద కూర్చుని లెక్కపెట్టారు. వెయ్యి దాకా లెక్కపెట్టి, ఇక లాభం లేదని ఆటో మాట్లాడుకుని మండలాఫీసుకు బయల్దేరారు.

పిడుగుల సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటు రాజమహ్మద్ అప్పటికి కొత్త. చెడ్డవాడు కాదు, ఎవరినీ నిలబెట్టి మాట్లాడించేవాడు కాదు. మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి చీటీ తెమ్మన్నాడు. అక్కడి డాక్టరు ఓదెలు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, 'గుండె కొట్టుకుంటున్నది, చప్పుడు లేదు' అని రాసిచ్చాడు. ఆ చీటీ చూసి రాజమహ్మద్ నిట్టూర్చాడు.

"మెరుపుకూ ఉరుముకూ మధ్యన మూడు సెకండ్లు పడితే పిడుగు ఒక కిలోమీటరు దూరంల పడ్డట్టు. నీకు తెలుసు గదా ఓదెలూ?"

"బళ్లె చెప్పిండ్రు సారు."

"నీకు మూడు గంటలైంది. అంటే నీ పిడుగు మూడువేల ఆరువందల కిలోమీటర్ల అవతల పడ్డట్టు. అది మన మండలం కాదు, మన జిల్లా కాదు. మన దేశం సుత కాదు."

"నా చేన్ల పడ్డది సారు. మీరు రాండ్రి, సూపెడత."

"నీ చేన్లనే పడ్డది, నేను కాదంటున్ననా? లెక్క అట్ల లేదు."

నిజానికి మొదటి పద్దెనిమిది సెకన్లలో వచ్చి చెప్పుంటే అది మండలం పరిధిలో ఉండేది. రెండు నిమిషాల్లో వస్తే జిల్లా వాళ్లు చూసేవాళ్లు. చేను నుంచి ఆఫీసుకు ఆటోలోనే గంట పడుతుంది కాబట్టి ఆ అవకాశం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. రాజమహ్మద్ పచ్చ కార్డు మీద స్టాంపు వేసి, ఉరుము వినిపించిన వెంటనే తెలియజేయాలని చెప్పి పంపాడు. వినిపించిన వెంటనే తాను చచ్చిపోతాడు కదా, ఎట్లా తెలియజేయాలని ఓదెలు అడగలేదు. రాజమహ్మద్‌కు కూడా ఆ సందేహం ఇంటికి వెళ్లాక గానీ రాలేదు.

అప్పటినుంచి ఓదెలు పేరు అన్నిచోట్లా పెన్సిల్‌తో ఉంది. రేషను కార్డులో పెన్సిలు. ఓటర్ల జాబితాలో పెన్సిలు. బ్రతికున్నవాళ్లకు వచ్చేవి అడిగితే ఉరుము వచ్చేదాకా ఆగమనేవాళ్లు, చనిపోయినవాళ్ల కుటుంబాలకు వచ్చేవి మధునవ్వ అడిగితే అదే మాట చెప్పేవాళ్లు. ఏటా తొలకరికి ఇద్దరూ వెళ్లి కార్డు మీద ముద్ర వేయించుకునేవాళ్లు. రాజమహ్మద్ దూరం తిరగరాసేవాడు. రోజుకు ఇరవై ఎనిమిదివేల ఎనిమిది వందల కిలోమీటర్ల చొప్పున ఓదెలు పిడుగు అతని నుంచి దూరంగా జరుగుతూ ఉండేది. ఈ ఏడాదికి తొమ్మిది కోట్ల నలభై ఆరు లక్షలైంది.

"సూర్యుడు పదిహేను కోట్లు" అన్నాడు రాజమహ్మద్, ధైర్యం చెబుతున్నట్టు. "నువ్వింకా ఇవతల్నే ఉన్నవ్."

చూడ్డానికి ఓదెలు జీవితంలో పెద్ద తేడా ఏమీ కనిపించేది కాదు. పత్తి పెట్టేవాడు, ఏరేవాడు. కానీ ఏ పనీ మొదలుపెట్టలేకపోయేవాడు. ఇంటి వెనక గోడ కూలితే కట్టలేదు. బోరు వేయిద్దామని మధునవ్వ అంటే, నీళ్లు పడేలోపల ఉరుము వస్తే ఎట్లా అన్నాడు. ఏదైనా కొనబోతే, అవతలివాళ్లు అతని కార్డు రంగు చూసి మాట తప్పించేవాళ్లు. ఒక్కోసారి తిండి ముందు కూర్చుని, ముద్ద చేతిలో పట్టుకుని, ఎక్కడో లారీ టైరు పేలిన చప్పుడుకు ఆగిపోయేవాడు. అది కాదని తేలాక ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. మధునవ్వ కూడా తన ముద్ద పట్టుకుని అతను తినేదాకా ఆగేది. భయం ఎప్పుడో పోయింది. ఇప్పుడున్నది అలసట, అదీ ఇద్దరికీ సమానంగా.

ఈ ఏడు జూన్‌లో ప్రత్యేక డ్రైవ్ ప్రకటించారు. నెలాఖరులోగా మండలంలో పెండింగు ఉరుములు సున్నా కావాలి. అందుకు రికార్డు చేసిన ఉరుమును వ్యాను మీద పెట్టి తెస్తున్నారు. ఇరవై ఎనిమిదో తారీఖు ఆదివారం ఉదయం పదింటికి హైస్కూలు గ్రౌండుకు కార్డుతో సహా రావాలి. ఉరుము వినిపిస్తారు, రిజిస్టరులో వేలిముద్ర తీసుకుంటారు, ఫైలు మూసేస్తారు. కుటుంబ సభ్యులు రావలసిన అవసరం లేదు, భౌతికకాయాలను ఇంటికి చేర్చే ఏర్పాటు ఉంది. నోటీసు రాజమహ్మదే తెచ్చి ఇచ్చాడు. ఇచ్చి వెంటనే వెళ్లకుండా, అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగాడు.

"రాకపోతే ఏమైతది సారు?"

"రాకపోయినా వినిపించినట్టే రాస్తరు. వస్తేనే మంచిగుంటదేమో. నాకు తెల్వదు ఓదెలూ, నిజం చెప్తున్న."

అతను వెళ్లాక మధునవ్వ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. ఓదెలు నోటీసు రెండుసార్లు మడిచాడు.

"పోవాల్నానే?"

ఆమె బియ్యం చెరిగింది, మళ్లీ ఏరింది.

"నువ్వు పోతే నేనేమైతనో తెల్వదు" అంది చివరికి. "పోకపోతే ఏమైతనో తొమ్మిదేండ్లు సూసిన."

అందులో కోపం లేదు. ఓదెలుకు ఆ మాట నొప్పి కలిగించలేదు, కొంచెం తేలికగా కూడా అనిపించింది. ఆదివారం పొద్దున ఆమె అతని తెల్లంగి ఉతికి ఆరేసింది. తలకు పోసింది. వీపు మీది గీతల మీద నీళ్లు పోసేటప్పుడు చెయ్యి అక్కడే కాసేపు ఉంచింది. తర్వాత సద్ది కడతానని లేచి, ఎందుకని మళ్లీ కూర్చుంది.

గ్రౌండులో పదిహేడుమంది వరసలో నిలబడ్డారు. ఎన్నికల్లో తిరిగిన ప్రచార వ్యానే, నాలుగు లౌడ్‌స్పీకర్లు. షామియానా లేదు. స్కూలు భవనానికి తాళం వేసి ఉంది, తాళంచెవి హెడ్మాస్టరు దగ్గర, ఆయన ఊళ్లో లేడు. వ్యాను ముందు ఇనుప బల్ల వేసుకుని రాజమహ్మద్ రిజిస్టరు తెరిచాడు. డ్రైవ్ కోసం వచ్చిన ప్రత్యేక అధికారి కారులో కూర్చుని అద్దం సగం దించాడు.

మొదటి పేరు ఐలవ్వది. మేకల కాపరి, పెండింగులో పడి పదహారేళ్లు. ఆమె పిడుగు అందరికంటే పాతది, సూర్యుణ్ణి దాటిపోయింది. చేతిలో మేకపిల్లను పట్టుకుని వచ్చింది.

"సౌండు జర తక్కువ పెట్టుండ్రి బిడ్డా, పిల్ల బెదురుతది."

వ్యాను డ్రైవరు తగ్గించాడు. ఉరుము వినిపించింది. ఎక్కడో దూరంగా, ఎవరిదో, ఏ సముద్రం మీదనో రికార్డు చేసింది. ఐలవ్వ తల వంచి విన్నది.

"ఇది నాది గాదు" అంది.

"ఏదైనా ఒకటేనవ్వా" అన్నాడు రాజమహ్మద్, ఆమె మొహం చూడకుండా. "నీ ఇష్టం."

ఐలవ్వ కాసేపు ఆలోచించింది. పదహారేళ్లలో ఆమెను ఇష్టమేమిటని అడగడం అదే మొదటిసారి కాబోలు, మొహం కొంచెం విచ్చుకుంది. మేకపిల్ల తాడు వెనక లైన్లో ఉన్న ఓదెలు చేతిలో పెట్టింది. వేలిముద్ర వేసి, బొటనవేలు కొంగుకు తుడుచుకుని, గడ్డిలో పక్కకు ఒరిగి పడుకుంది. డాక్టరు వచ్చి గొట్టం పెట్టి చూసి తల ఊపాడు. రాజమహ్మద్ పెన్సిలు రబ్బరుతో తుడిచి పెన్నుతో రాశాడు.

ఆ తర్వాత నలుగురికి కూడా అదే ఉరుము సరిపోయింది. ఎవరూ ఏడవలేదు. ఆరో పేరు ఓదెలుది.

అతను బల్ల దగ్గరకు వచ్చేసరికి సిబ్బంది ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. మీ మండలంలో ఇరవై నిమిషాల్లో పిడుగులు పడే అవకాశం ఉంది, ఆరుబయట ఉండకండి, చెట్ల కిందికి పోకండి, భవనాల్లోకి గాని వాహనాల్లోకి గాని వెళ్లండి. నిజంగానే పడమట నల్లగా లేచింది. అధికారి అద్దం పూర్తిగా ఎక్కించాడు. డాక్టరు అదే కారు వెనక సీట్లో దూరాడు. డ్రైవరు వ్యాను తలుపు వేసుకున్నాడు. లైన్లో ఉన్నవాళ్లు లైన్లోనే ఉండాలని మైకులో చెప్పారు. వాళ్లకు ఒకసారి పడింది కాబట్టి హెచ్చరిక వర్తించదు.

రాజమహ్మద్ కూడా పరిగెత్తాడు. సగం దారిలో ఆగి వెనక్కి వచ్చాడు.

"రిజిస్టరు తడుస్తది ఓదెలూ. నన్నే అడుగుతరు."

ఓదెలు చేతుల మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇనుప బల్ల సన్నగా, తుమ్మెదలా రొద చేస్తోంది. ఆ రొద అతనికి తెలుసు.

"సారు, బల్ల ఇడ్సిపెట్టుండ్రి! కింద గొంతుక్కూసోండ్రి! కాళ్లు రెండు దగ్గరికి పెట్టుకోండ్రి!"

"ఒక్క నిమిషం..."

లోకం తెల్లబడింది.

మళ్లీ రంగులు వచ్చేసరికి రాజమహ్మద్ గడ్డిలో ఉన్నాడు. రిజిస్టరు మూలలు పొగలు కక్కుతున్నాయి. నెమ్మదిగా లేచి ప్యాంటు దులుపుకున్నాడు. చెప్పులు లేవు. లైన్లోని పదకొండుమంది, ఓదెలు, మేకపిల్ల, కారులో, వ్యానులో ఉన్నవాళ్లు అందరూ చెవులు రిక్కించి విన్నారు. వాన చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

కారు అద్దం రెండంగుళాలు దిగింది.

"ఏమైందయ్యా?"

"మెరుపు అందింది సార్" అన్నాడు రాజమహ్మద్, రోజూ రిపోర్టు ఇచ్చే గొంతుతోనే. "ఉరుము రాలేదు."

అధికారి వాచీ చూసుకున్నాడు. రెండు నిమిషాలు దాటేదాకా చూస్తూ ఉన్నాడు.

"అయితే జిల్లా దాటిపోయావు. ఆ బల్ల నువ్వు ముట్టుకోకూడదు." అద్దం ఎక్కింది.

వ్యానులో యాంప్లిఫయరు కాలిపోయింది. డ్రైవ్ అంతటితో ఆగింది. కానీ రిపోర్టులో సున్నా అనే రాశారు, అది అబద్ధం కూడా కాదు. రాజమహ్మద్‌తో కలిపి మిగిలిన పదమూడుమంది పిడుగులూ లెక్క ప్రకారం దేశానికి బయట పడ్డవే కాబట్టి మండలానికి వాటితో సంబంధం లేదు. జిల్లాలో నల్లగుట్టకు మొదటి స్థానం వచ్చింది.

ఓదెలు తడిసిన తెల్లంగితో, మేకపిల్లతో ఇల్లు చేరాడు. తలుపు తీసే ఉంది. మధునవ్వ నట్టింట్లో చాప మీద, పట్టపగలు, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. తొమ్మిదేళ్లలో ఆమె అంత నిద్ర పోవడం అతను చూడలేదు. లేపలేదు. మేకపిల్లను గుంజకు కట్టేసి, బట్టలు కూడా మార్చుకోకుండా అరుగు మీద కూర్చున్నాడు. చీకటి పడ్డాక ఆమె లేచి, గడపలోకి వచ్చి, అతన్ని చూసింది. కాసేపు అక్కడే నిలబడింది.

"అచ్చినవా" అని, లోపలికి పోయి పొయ్యి వెలిగించింది.

రాజమహ్మద్ స్థానంలో వేరేవాళ్లు వచ్చారు. అతను వారం రోజులు తన పచ్చ కార్డు కోసం తన కౌంటరు ముందే నిలబడ్డాడు. కార్డు చేతికొచ్చిన రోజు ఓదెలు కూడా ఆఫీసు దగ్గరే ఉన్నాడు. ఇద్దరూ బస్టాండులో సమ్మన్న హోటలుకు వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. బయట వాన మొదలైంది.

"నిద్ర పడ్తలేదు ఓదెలూ. లెక్కపెట్టుకుంట పంటున్న. నిన్న లక్ష దాటింది."

"మొదట్ల అందరం పెడతం. మానుకోండ్రి సారు."

"ఇంక సారు ఏంది?"

ఓదెలు నవ్వాడు. "మీ ఇంట్ల గోడలు గీడలు కట్టేటివి ఉన్నయా?"

"పైన రూమొకటి ఏద్దామనుకున్నం. ఆపేసిన."

"ఆపకుండ్రి" అన్నాడు ఓదెలు. "నేను ఆపిన. ఆపితే అది జల్ది ఏం రాలే."

అప్పుడే ఆకాశం ఈ కొస నుంచి ఆ కొస దాకా పెళపెళమని ఉరిమింది. రేకుల కప్పు అదిరింది. ఇద్దరూ కదలకుండా విన్నారు.

"నీదా?" అని అడిగాడు రాజమహ్మద్.

"కాదు. మీదా?"

"కాదనుకుంట."

సమ్మన్న మీద జన్మలో ఎన్నడూ పిడుగు పడలేదు. అయినా అతను కూడా చాయ్ గిన్నె ఎత్తి పట్టుకుని, తల ఒక పక్కకు వంచి, చివరి గర్జన గుట్టల వెనక్కి పోయేదాకా వింటూ నిలబడ్డాడు. పక్క బెంచీ మీద బస్సు కోసం కూర్చున్న టీచరమ్మ, గొడుగు మూస్తూ లోపలికొచ్చిన కండక్టరు కూడా అలాగే ఆగారు. తమది కాదని నమ్మకం కుదిరాక ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. సమ్మన్న గ్లాసుల్లో చాయ్ పోశాడు.