సర్క్యులర్లు మింగిన సర్వర్

పాత పేజీ చూపించే సర్వర్‌ని తిట్టకండి! ఆఫీసులు బతికి బట్టకడుతున్నాయంటే దాని చలవే. నమ్మరా? అయితే ఒక పార్సిళ్ల ఆఫీసు సంగతి వినండి.

అక్కడ కంప్యూటర్లు చూసుకునే ఆవిణ్ని అందరూ సర్వరమ్మ అంటారు. ఆవిడ దగ్గరో ప్రాక్సీ సర్వర్ ఉంది. అందరూ అడిగే వెబ్ పేజీని ఒక్కసారి తెచ్చి దాచుకుని, మళ్లీ ఎవరడిగినా ఆ దాచిందే ఇస్తుంది. పాత మెషీన్ మూలపడితే, సర్వరమ్మ యూనిక్స్ తరహా కొత్త సిస్టమ్ ఎక్కించి, పాత సెట్టింగుల ఫైలుని దానికి తగ్గట్టు మార్చింది. ఫోల్డర్ల దారులు మార్చింది, పర్మిషన్లు సరిచేసింది. పేజీని ఎంతసేపు దాచాలో చెప్పే ఒక్క అంకె మాత్రం అలాగే వదిలేసింది. పాతది సెకన్లలో లెక్కేసేది, కొత్తది నిమిషాల్లో! ఒక్క రోజు దాచాల్సిన పేజీ రెండు నెలలు దాక్కుంది.

ఏ పేజీ అనుకున్నారు? మేనేజరుగారి సర్క్యులర్ల పేజీ!

ఆయనకు పూటకో ఆలోచన. పార్సిల్ ఎత్తేముందు ఫారం, దించాక ఫారం, ఫారం నింపినందుకు ఇంకో ఫారం. లోడింగ్ చేసేవాళ్ల మెడకి టై! ఆయన గదికి ఆ సర్వర్‌తో పనిలేకుండా నేరుగా లైను కనుక అన్నీ నిగనిగలాడుతూ కనిపించేవి. మిగతావాళ్లకు ఒక్కటీ చేరలేదు. పార్సిళ్లు మాత్రం టంచనుగా చేరాయి. పైవాళ్లు మెచ్చుకున్నారు. మేనేజరుగారు "చూశారా నా సర్క్యులర్ల మహిమ!" అని మురిసిపోయారు.

అంతా బాగుండేదే. ఒకరోజు ఆయన గోడౌన్‌కి దిగారు. లోడింగ్ మేస్త్రీ మెడలో టై లేదు! ధిక్కారం కింద సస్పెన్షన్ కాగితం తయారైంది.

మేస్త్రీ లబోదిబోమంటూ సర్వరమ్మ దగ్గరికొచ్చాడు. "ఏ టై అమ్మా? నా కంప్యూటర్లో అలాంటిదేం లేదే!"

ఆవిడ సెట్టింగుల ఫైలు తెరిచింది. మార్చకుండా వదిలేసిన అంకె కనిపించింది. గుట్టుగా దిద్దేస్తే తన తప్పు బయటపడదు, కానీ మేస్త్రీ ఉద్యోగం ఊడుతుంది. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లింది.

"తప్పు నాది సార్. రెండు నెలలుగా మీ సర్క్యులర్లు ఎవరికీ చేరలేదు."

ఆయన నోరు తెరిచారు. "ఒక్కటీనా? మరి పనెలా జరిగింది?"

"అందుకే జరిగింది సార్."

నోరు జారాక నాలిక కరుచుకుని ఏం లాభం? ఆయన మేస్త్రీ కాగితం చించేశారు. "ముందు ఆ సర్వర్ బాగుచెయ్" అన్నారు.

బాగుచేసింది. సర్క్యులర్లన్నీ ఒక్కసారిగా అందరి మీదా పడ్డాయి. ఇప్పుడక్కడ ఎంత క్రమశిక్షణో! అందరూ టైలు కట్టుకుని ఫారాలు నింపుతున్నారు. పార్సిళ్లంటారా? గోడౌన్ కప్పు దాకా పద్ధతిగా పేరుకున్నాయి.

వారం తిరక్కుండానే మేనేజరుగారు అటూ ఇటూ చూసి సర్వరమ్మ టేబుల్ దగ్గర వంగారు.

"ఏమ్మా, ఆ పొరపాటు మళ్లీ చేయడానికి వీలవుతుందా?"

"తప్పకుండా సార్. దానికో సర్క్యులర్ ఇప్పించండి!"