పెద్దాయన కాలు

ఆ రోజుకి ప్రూఫుల అక్కయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే కొత్త ఫ్రిజ్ వస్తుంది. దాన్ని వంటింట్లో మూలకి పెట్టించి, పాలూ కూరగాయలూ సర్దేసి, ఎండ ముదిరేలోపు ప్రూఫులు ముందేసుకుని కూర్చోవాలి. అచ్చుకు వెళ్ళే పుస్తకాల్లో తప్పులు దిద్దడం ఆవిడ పని. ప్రెస్సులో ఉద్యోగం అయిపోయినా కాగితాలు మాత్రం ఇంటికి వస్తూనే ఉన్నాయి. ఒత్తు జారినా, కామా ఎక్కువైనా ఆవిడ ఎర్ర పెన్ను చూసీ చూడనట్టు పోనిచ్చిన రోజు లేదు. ఆ కాగితాలు తెచ్చిచ్చే మనిషి వారానికోసారి గుమ్మంలో నిలబడి "కాగితాలమ్మా" అంటాడు. ఆ వారానికి ఆ ఇంట్లో వినిపించే రెండో గొంతు అదే.

ఫ్రిజ్ అనుకున్నట్టే వచ్చింది. మోసుకొచ్చిన ఇద్దరిలో ముందున్నవాడికి మీసాలు, వెనకున్నవాడికి టోపీ.

"ద్వారం వెడల్పు కొలిచే చెప్పారు కదమ్మా?" అన్నాడు మీసాలాయన, మెట్ల మీద ఆగి ఆయాసపడుతూ.

"స్కేలు పెట్టి కొలిచాను. కొలిచాక మళ్ళీ కొలిచాను" అంది అక్కయ్య.

ద్వారం దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. వచ్చిందల్లా ద్వారం దాటాక. లోపల అడుగు పెట్టగానే కుడిచేతి వైపు నిలువెత్తు చెక్క బీరువా ఒకటి ఉంది. ఫ్రిజ్‌ను వంటింటి వైపు తిప్పబోతే దాని అంచు వెళ్ళి బీరువా కాలికి కొట్టుకుంది. టప్‌మని చప్పుడైంది. బీరువా నిదానంగా, ఎవరినో పలకరించబోతున్నట్టు ముందుకు వంగింది. టోపీవాడు పరుగున వెళ్ళి భుజం అడ్డం పెట్టాడు.

"ఏం కాలేదమ్మా. చిన్న గీత పడిందంతే" అన్నాడు.

"గీతే అయితే నువ్వెందుకు పట్టుకోవడం? వదిలెయ్."

వాడు వదల్లేదు.

చివరికి అక్కయ్య లోపలికెళ్ళి తన దగ్గరున్న పుస్తకాల్లోకెల్లా లావుపాటి నిఘంటువు తెచ్చి, విరిగిన కాలి స్థానంలో దూర్చింది. బీరువా నిలబడింది. టోపీవాడు భుజం తడుముకున్నాడు.

"దీని సంగతేమిటి?" అంది అక్కయ్య.

"కంపెనీకి ఫోన్ చెయ్యాలమ్మా" అన్నాడు మీసాలాయన.

"విరగ్గొట్టింది మీరు కదా?"

"విరగ్గొట్టడం వరకే మేమమ్మా. బాధ్యత కంపెనీది."

ఫ్రిజ్‌ను వంటింటి మూలకి చేర్చి, ఇద్దరూ మెట్లు దిగిపోయారు.

ఆ బీరువా పేరు పెద్దాయన. పెళ్ళైన కొత్తలో పాత సామాన్ల కొట్లో కొన్నారు దాన్ని. సాయంత్రం గది చల్లబడేసరికి చెక్క బిగుసుకుని కిర్రు కిర్రుమనేది. "పెద్దాయన దగ్గుతున్నారు, కాస్త మెల్లిగా తిట్టు" అనేవాడు ఆవిడ భర్త. ఆ ఇంట్లో ఇద్దరికే తెలిసిన మాటలు అలాంటివి చాలా ఉండేవి. ఆయన పోయాక అవన్నీ ఒక్కరికే తెలిసిన మాటలయ్యాయి. వాటికి ఎవరికీ అర్థం చెప్పాల్సిన పని పడకపోవడంతో, అవి బయటివాళ్ళకి తెలియవన్న సంగతి కూడా అక్కయ్య మర్చిపోయింది. అలా మర్చిపోయే కంపెనీకి ఫోన్ చేసింది.

"చెప్పండి మేడమ్" అంది అవతల ఒక అమ్మాయి.

"మీవాళ్ళు ఫ్రిజ్ తెచ్చారమ్మా. లోపలికి తిప్పేటప్పుడు పెద్దాయనకి తగిలింది. కాలు విరిగింది."

"కాలు విరిగిందా మేడమ్?" అని ఆదుర్దాగా వినిపించింది.

"కుడి కాలు. పూర్తిగా."

"ఆయన వయసెంత మేడమ్?"

"సరిగ్గా తెలీదు. మా ఇంటికి వచ్చేటప్పటికే వయసు మళ్ళింది. ఎనభై దాటి ఉంటాయి."

"ఇప్పుడు పడుకుని ఉన్నారా?"

"లేదు, నిలబెట్టాను. కాలి కింద నిఘంటువు పెట్టాను."

"నిలబెట్టారా? వద్దు మేడమ్, పడుకోబెట్టండి."

"పడుకోబెడితే లోపలున్నవన్నీ బయటికొస్తాయమ్మా. పైగా ఎత్తి పడుకోబెట్టడం నా ఒక్కదాని వల్ల అయ్యే పనా?"

"మూలుగుతున్నారా మేడమ్?"

"ఇందాకటి నుంచీ అదే పని. అది ఆయన అలవాటేలే. ఇదివరకోసారి ఎడమ కాలికి ఇలాగే అయితే లోపల స్క్రూలు వేయించాం, మళ్ళీ నిక్షేపంగా నిలబడ్డారు. ఆ పని తెలిసినవాణ్ణి ఒకణ్ణి పంపిస్తే చాలు."

"పంపిస్తాం మేడమ్. అవసరమైతే వెంట తీసుకెళ్ళిపోతారు."

"ఆ మాట మాత్రం వద్దు. ఏం చేసినా ఇక్కడే చెయ్యాలి" అంది అక్కయ్య. "పొద్దున లేచి చూస్తే ఆయన అక్కడ ఉండాలి. అలా అలవాటైపోయింది నాకు."

అమ్మాయి గొంతు తడిసింది. "మీరు ధైర్యంగా ఉండండి మేడమ్."

సామాను గురించి ఇంత ఆరాటపడే కంపెనీలు కూడా ఉన్నాయన్నమాట అనుకుంది అక్కయ్య. అయినా ఎందుకైనా మంచిదని వీధి చివరి వడ్రంగి కొట్టుకి బయల్దేరింది. ఫోన్ ఇంట్లోనే ఉండిపోయింది. కొట్టు మూసి ఉంది. పక్క కొట్టువాడు "వస్తాడు" అన్నాడు గానీ ఎప్పుడన్నది చెప్పలేదు. అక్కయ్య చాలాసేపు నిలబడి, తిరుగుముఖం పట్టింది.

ఇంటి ముందు అంబులెన్స్ ఆగి ఉంది. జనం మూగి ఉన్నారు.

"ఎవరికి బాగాలేదండీ?" అని అడిగింది, చివర నిలబడ్డ మనిషిని.

"పై వాటాలో ముసలాయనట. మీద ఫ్రిజ్ పడిందట."

"అయ్యో పాపం" అంది అక్కయ్య. సగం మెట్లు ఎక్కాక గాని, పై వాటాలో ఉండేది తను ఒక్కతేనని ఆవిడకి తట్టలేదు.

పైమెట్టు మీద కింది వాటా పిన్నిగారు నిలబడి ఉంది. అక్కయ్య ఫోన్ ఎత్తకపోయేసరికి కంపెనీవాళ్ళు ఆర్డరులో రాసిచ్చిన రెండో నంబరుకి, అంటే పిన్నిగారికి చేశారు. ఆ తర్వాత ఆవిడ ఎవరెవరికి చేసిందో ఆవిడకే గుర్తులేదు.

"ఏమ్మా, ఒకే కప్పు కింద ఉంటున్నాం. ఇంట్లో మగమనిషి ఉన్నాడని నాకు మాటమాత్రమైనా చెప్పకూడదూ?" అంది. "అందుకేనా, అప్పుడప్పుడూ పైన మాటలు వినిపిస్తాయి. ప్రూఫులు చదువుకుంటోంది కాబోలు అనుకున్నాను."

"ప్రూఫులే పిన్నిగారూ."

"సరేలే. ఈ వయసులో ఎవరేమంటారు? తోడు ఉంటే మంచిదే."

అక్కయ్య నోరు తెరిచేలోపు వెనక నుంచి, "వదినా" అన్న పిలుపు వినిపించింది. మరిది. నాలుగు వీధుల అవతలే ఉంటాడు. ఆ మెట్లెక్కి ఎన్నేళ్ళయిందో అతనికే తెలియదు. చెమటలు కక్కుతూ వచ్చాడు.

"మేం కాదంటామా వదినా? అన్నయ్య పోయి ఇంతకాలమైంది. నువ్వు పెళ్ళి చేసుకున్నా, ఏం చేసుకున్నా, నాకు ఒక్క ఫోన్ చేస్తే..."

"ఏమని చెయ్యను?" అంది అక్కయ్య, నిజంగానే అర్థం కాక.

అంతలో కంపెనీ మేనేజరు ఒక చేత్తో ఆపిల్ పళ్ళ సంచీ, ఇంకో చేత్తో టోపీవాడి జబ్బా పట్టుకుని ఎక్కివచ్చాడు. మీసాలాయన వెనకాలే ఉన్నాడు. అతని మీసాలు వాలిపోయి ఉన్నాయి.

"అమ్మా, మీరే చెప్పండి. మేమున్నప్పుడు ముసలాయనెవరూ లేడు కదమ్మా? ఉద్యోగం పీకేస్తానంటున్నారు."

"ఫ్రిజ్ వెనకాల ఉండుంటే మనకి కనబడేవాడు కాదు కదరా" అన్నాడు టోపీవాడు, దీనంగా. మీసాలాయన వాడి వంక చూసిన చూపుకి ఇంకో బీరువా ఒరిగిపోయేది.

అక్కయ్య తాళం తీయగానే స్ట్రెచర్ పట్టుకుని ఇద్దరు మనుషులు అందర్నీ తోసుకుంటూ లోపలికి వచ్చారు. ఎప్పుడూ ఒక్క జత చెప్పులుండే గుమ్మంలో చెప్పులకి చోటు లేకుండా పోయింది. హాల్లో ఊపిరాడటం లేదు. అక్కయ్య అందరి ముఖాలూ ఒకసారి కలయజూసింది. తన ఇంట్లో ఇంతమంది నిలబడగలరని ఆవిడ అనుకోలేదు.

"పేషెంటు ఎక్కడమ్మా? తొందరగా చెప్పండి."

అప్పటికి ఆవిడకి అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అమ్మాయి గొంతు తడవడం, పిన్నిగారు తోడు అనడం, మరిది చెమటలు. చెయ్యెత్తి బీరువాను చూపించింది.

"ఈయనే. పెద్దాయన. అంటే, మావారు అలా పిలిచేవారు."

స్ట్రెచర్ మనిషి వంగి విరిగిన కాలును చూశాడు, తర్వాత నిఘంటువును చూశాడు. "ఫ్రాక్చరే" అన్నాడు, స్ట్రెచర్ మడుస్తూ.

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. "చెక్కా!" అన్నాడు. ఆ మాట ఆయనకి ఎంత తియ్యగా ఉందో, ఇంకో రెండుసార్లు అన్నాడు. ఊపిరి తిరిగాక మేనేజరు గొంతు కూడా తిరిగింది. "చూడండమ్మా, తప్పు మాదైతే మేం తప్పించుకోం. విరిగినదాన్ని పట్టుకుపోయి కొత్త స్టీలు బీరువా ఇస్తాం. కానీ పాతది ఇంట్లో ఉంచడానికి మా రూలు ఒప్పుకోదు. రేపే వ్యాను పంపిస్తాను."

"బంగారంలాంటి మాట వదినా" అన్నాడు మరిది. "ఈ పాతదాన్ని పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడతావు?"

"తప్పు మాదెందుకవుతుంది సార్?" అన్నాడు మీసాలాయన, ఇప్పుడు ధైర్యం వచ్చి. "అమ్మగారు ద్వారం కొలత చెప్పారు. ద్వారం వెనక ఈయన నిలబడి ఉన్నారని చెప్పలేదు."

"సందు ఇంత ఇరుగ్గా కట్టిన ఇంటి ఓనరుది తప్పు" అంది పిన్నిగారు.

"చూసుకుని మొయ్యక్కర్లేదా?" అన్నాడు మరిది.

"మొయ్యడం మా పని. చూడటం ముందు నడిచేవాడి పని" అన్నాడు టోపీవాడు. మీసాలాయన మళ్ళీ వాడి వంక చూశాడు.

అక్కయ్య వాదన వినడం లేదు. రేపటి వ్యాను గురించి ఆలోచిస్తోంది. వ్యాను వచ్చి వెళ్ళాక ఆ గోడ ఎలా ఉంటుందో ఆలోచిస్తోంది. సాయంత్రం గది చల్లబడినప్పుడు స్టీలు బీరువా దగ్గదు.

"తప్పు నాదే" అంది.

అందరూ ఆగిపోయారు. గెలిచినవాడికి కూడా సంతోషం కలగలేదు.

"సామాన్లన్నిటికీ కొలతలు తీశాను. ఈయన్ని వదిలేశాను" అంది. "సామానని తోచలేదు. కంపెనీకి బాధ్యత లేదు, మీ ఇద్దరికీ లేదు. వ్యాను పంపించకండి."

మేనేజరు ఆ మాట పూర్తవకముందే లేచి నిలబడ్డాడు. పళ్ళ సంచీ వైపు ఓసారి చూసి, చెయ్యి చాపబోయాడు. "రోగికని తెచ్చారు కదండీ, ఉండనివ్వండి" అంది పిన్నిగారు. చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. మీసాలాయన గుమ్మం దాటుతూ, "పెద్దాయన జాగ్రత్తమ్మా" అన్నాడు. వెక్కిరింతగా అన్నట్టు లేదు.

మరిది చివరిదాకా ఉన్నాడు. "ఆదివారం వడ్రంగిని తీసుకొస్తాను వదినా."

"సరే" అంది. అతను తెస్తాడో లేదో అక్కయ్య అడగలేదు. అడిగితే తెస్తానంటాడు.

మెట్ల మీద అడుగుల చప్పుళ్ళు ఒక్కొక్కటే దిగిపోయాయి. అక్కయ్య పళ్ళు కడిగి కొత్త ఫ్రిజ్‌లో పెట్టింది. లోపల దీపం వెలగలేదు. ఈ గొడవలో దాని ప్లగ్గు పెట్టిన నాథుడే లేడు. ప్లగ్గు పెట్టి, వచ్చి ప్రూఫుల ముందు కూర్చుంది. ఏ మాట చూడాలన్నా నిఘంటువు పెద్దాయన కాలి కింద ఉంది. సాయంత్రం ఆయన మామూలుగానే దగ్గారు.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. కంపెనీ అమ్మాయి. ఆ పిల్లకి ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు.

"మేడమ్, నిన్నంతా అదే ఆలోచన. పెద్దాయన ఎలా ఉన్నారు?"

అక్కయ్య బీరువా వంక చూసింది. అలవాటు కొద్దీ చెయ్యి ఎర్ర పెన్ను మీదికి వెళ్ళింది. కాసేపు అక్కడే ఉండి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది.

"కాస్త తేరుకున్నారమ్మా" అంది. "రేపు కూడా ఒకసారి చేసి కనుక్కుంటావా?"

తప్పని తెలిసీ ఆవిడ దిద్దకుండా వదిలేసింది అదొక్కటే.